బాప్తిస్మం తరువాత తెలిసి చేసిన పాపానికి కృప ఉందా?

మీ ప్రశ్నను నాకు అర్థమైనంత మేరకు ముందు తిరిగి చెబుతాను. ఇదే చిక్కులో ఉన్నవారు ఇంకా చాలామంది దీనిని చదువుతారు. మీరు ఏడేళ్ల క్రితం బాప్తిస్మం తీసుకున్నారు. క్రికెట్ పందేలు మానేశానని సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పారు. మొన్నటి ఐపీఎల్ రోజుల్లో ఫోనులో మళ్ళీ మొదలుపెట్టి, మీ భార్య చీటీ పాడి తెచ్చి దాచిన డబ్బు పోగొట్టారు. ఆ సంగతి ఆమెకు ఇంతవరకు తెలియదు. ఒక కూడికలో ప్రసంగీకుడు హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 10వ అధ్యాయం 26వ వచనం చదివి, తెలిసి పాపం చేసినవాడికి ఇక బలి లేదని చెప్పిన నాటి నుంచి, నాలుగు నెలలుగా మీరు ప్రభువు బల్ల దగ్గరికి, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకునే సంస్కారానికి, వెళ్లడం లేదు. "రక్షణ పొందకముందు చేసినవన్నీ యేసు రక్తం కడిగింది. ఆ తరువాత తెలిసి తెలిసి చేసినదాని సంగతేమిటి?" అని అడిగారు.

ముప్పై ఏళ్లకు పైగా సంఘ కాపరిగా పనిచేసిన నాకు ఈ ప్రశ్న కొత్తది కాదు. నా ఎదుట కూర్చుని దీనిని అడిగినవారిలో తాగుడుకు తిరిగి వెళ్లినవారు ఉన్నారు, తోబుట్టువుల ఆస్తిని సంతకాలు మార్చి రాయించుకున్నవారు ఉన్నారు, పరాయి స్త్రీతో సంబంధం పెట్టుకున్న సంఘ పెద్ద కూడా ఒకరు ఉన్నారు. మాటలు వేరైనా అందరి మనసులోనూ నడిచే లెక్క ఒకటే. పాత అప్పును దేవుడు కొట్టేశాడు గానీ, ఆ రోజే నా పేరు మీద కొత్త ఖాతా తెరిచాడు, ఇకమీదట దానిని నెలనెలా నేనే కట్టుకుంటూ పోవాలి అన్న లెక్క. ఆ లెక్కే తప్పు అన్నది నా సమాధానం. ఎక్కడ తప్పో, దానిని సరిచేసుకున్నాక మీరు ఏమి చేయవలసి ఉందో కింద వివరిస్తాను. ఒక మాట ముందే చెప్పాలి. కృప మీకు ఉంది, అయితే మీరు ఇప్పుడు దాక్కుని ఉన్న చోటనే మిమ్మల్ని అది ఉండనివ్వదు.

మొదట యోహాను వ్రాసిన మొదటి పత్రికను చూడండి. అది దారినపోయే అన్యుడికి వ్రాసిన సువార్త కరపత్రం కాదు. "నా చిన్న పిల్లలారా" అని పిలిచి, అప్పటికే విశ్వాసులైనవారికి వ్రాసినది. 2వ అధ్యాయం మొదటి వచనంలో అపొస్తలుడు రెండు మాటలను పక్కపక్కనే పెట్టాడు. "మీరు పాపము చేయకుండుటకై యీ సంగతులను మీకు వ్రాయుచున్నాను" అన్నది మొదటిది. "ఎవడైనను పాపము చేసినయెడల నీతిమంతుడైన యేసుక్రీస్తు అను ఉత్తరవాది తండ్రియొద్ద మనకున్నాడు" అన్నది రెండవది. పాపం చేయవద్దు అన్న ఆజ్ఞను ఆయన సడలించలేదు, చేస్తే అంతే సంగతులు అని తలుపు మూయనూ లేదు. "మీకున్నాడు" అనకుండా "మనకున్నాడు" అని, అంత వృద్ధుడైన అపొస్తలుడు కూడా తనను మన వరుసలోనే నిలబెట్టుకున్నాడు. మీరు మానిన తరువాత దొరుకుతాడనీ, ఏడిస్తే వస్తాడనీ అనలేదు. పాపం చేసిన ఆ గడియలోనే ఆయన ఉన్నాడు.

ఉత్తరవాది అన్న మాట ఇప్పుడు మనకు వాడుకలో లేదు గానీ, పాత బైబిలు అనువాదకులు మంచి మాటే ఎంచుకున్నారు. ఒకరి పక్షాన నిలిచి జవాబు చెప్పేవాడు అని దాని భావం. గ్రీకు మూలంలో అక్కడ ఉన్న మాట పారాక్లేతోస్. యోహాను సువార్త 14వ అధ్యాయంలో పరిశుద్ధాత్మను గురించి యేసు వాడినదీ ఇదే మాట, అక్కడ మన బైబిలులో ఆదరణకర్త అని ఉంది. తెలుగులో రెండు వేర్వేరు మాటలు కావడం వలన మనం గమనించం గానీ, ఈ రెండు చోట్లనూ కలిపి చదివితే విశ్వాసి పాపంలో పడిన దినాన తండ్రి సన్నిధిలో ఒక ఉత్తరవాది, అతని లోపల ఒక ఆదరణకర్త, ఇద్దరూ అతని పక్షానే ఉన్నారని తెలుస్తుంది. నాలుగు నెలలుగా మీకు నిద్ర పట్టకపోవడాన్ని దేవుడు విడిచిపెట్టాడనడానికి గుర్తుగా మీరు తీసుకున్నారు. నేను దానిని ఆత్మ మిమ్మల్ని విడిచిపోలేదనడానికి గుర్తుగా తీసుకుంటాను.

ఆ ఉత్తరవాది తండ్రి ఎదుట ఏమని వాదిస్తాడు? నా కక్షిదారు నిర్దోషి అని కాదు. ఈసారికి పోనివ్వండి అని బతిమాలడమూ కాదు. తరువాతి వచనమే ఆయన వాదన: "ఆయనే మన పాపములకు శాంతికరమై యున్నాడు." మన పాపాల బాకీని తన బలితోనే తీర్చాడని దాని భావం. అందుకే 1వ అధ్యాయం 9వ వచనంలో "మన పాపములను మనము ఒప్పుకొనినయెడల, ఆయన నమ్మదగినవాడును నీతిమంతుడును గనుక ఆయన మన పాపములను క్షమించి" అని ఉంది. మనమైతే అక్కడ దయగలవాడు గనుక అని వ్రాసి ఉండేవాళ్లం. దేవుడు దయగలవాడన్నది నిజమే గానీ, యోహాను అక్కడ ఎత్తిచూపినది ఆయన నీతిని. మన ఊళ్లలో ప్రాంసరీ నోటు వ్యవహారం అందరికీ తెలిసినదే. బాకీ పూర్తిగా చెల్లి, నోటు వెనుక చెల్లు వ్రాసి సంతకం పెట్టిన తరువాత, అదే నోటు మీద మళ్ళీ వసూలుకు వచ్చేవాడిని ఎవరూ న్యాయవంతుడని అనరు. కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 2వ అధ్యాయం 14వ వచనంలో పౌలు చెప్పినది సరిగ్గా ఇలాంటి పత్రం గురించే. మన మీద ఋణంగా ఉన్న పత్రాన్ని మేకులతో సిలువకు కొట్టి, దాని మీది చేవ్రాతను తుడిచివేశాడని అన్నాడు. ఆ పత్రంలో మీ బాప్తిస్మం తేదీ వరకు ఉన్న పద్దులు మాత్రమే ఉన్నాయని పౌలు ఎక్కడా చెప్పలేదు. సిలువ నాటికి మీరూ పుట్టలేదు, మీ పాపాలలో ఒక్కటీ ఇంకా జరగలేదు. ఇది ఎన్నో ప్రసంగాలలో మీరు విన్న మాటే అయి ఉంటుంది గానీ, విన్నది నమ్మి ఉంటే ఈ ప్రశ్న అడిగి ఉండేవారు కాదు.

ఇక మిమ్మల్ని భయపెట్టిన వచనం. "మనము సత్యమును గూర్చి అనుభవజ్ఞానము పొందిన తరువాత బుద్ధిపూర్వకముగా పాపము చేసినయెడల పాపములకు బలి యికను ఉండదు" అన్న వాక్యాన్ని దాని ముందూ వెనుకా లేకుండా చదివితే ఎవరికైనా గుండె జారుతుంది, ఎందుకంటే తెలియక చేసిన పాపాలకంటే తెలిసి చేసినవే మనందరిలోనూ ఎక్కువ. అయితే అదే అధ్యాయం 18వ వచనాన్ని చూడండి. అక్కడ కూడా బలి ఇక ఉండదు అన్న మాటే ఉంది, గానీ అక్కడ అది శుభవార్త. క్షమాపణ కలిగిన చోట పాపపరిహారార్థమైన బలి ఇక ఎన్నడూ ఉండదు, ఎందుకంటే క్రీస్తు ఒక్కసారే అర్పించిన బలి చాలింది. 26వ వచనం దానినే మరోవైపు నుంచి చెబుతోంది. ఈ ఒక్క బలిని విడిచి వెళ్లిపోతే, వెళ్లిన చోట ఇంకో బలి దొరకదు అని దాని భావం. హింసలు, ఆస్తుల దోపిడీ భరించలేక, సమాజంగా కూడుకోవడం మానేసి, క్రీస్తును వదిలి పాత బలుల వ్యవస్థ వైపు మళ్లాలని చూస్తున్న యూదా విశ్వాసులను హెచ్చరించడానికి వ్రాసిన మాట అది. 25వ వచనమూ, 32 నుంచి 34 వరకు ఉన్న వచనాలూ ఆ నేపథ్యాన్ని విప్పి చెబుతున్నాయి.

ఆ బుద్ధిపూర్వకమైన పాపం ఎలాంటిదో 29వ వచనమే నిర్వచించింది. దేవుని కుమారుని పాదాలతో తొక్కడం, నిబంధన రక్తాన్ని అపవిత్రమైనదిగా ఎంచడం, కృపకు మూలమగు ఆత్మను తిరస్కరించడం. మీరు చేసినది పాపమే, అందులో మొహమాటం లేదు. తెలిసి చేశారు, పదే పదే చేశారు. అయినా క్రీస్తు రక్తాన్ని నీచంగా ఎంచినవాడు బల్లకు దూరమైపోయానని నాలుగు నెలలు కుమిలిపోడు. ఎంతో విలువైనదని ఎంచినందునే మీరు దానిని ముట్టడానికి భయపడుతున్నారు. ఆ ప్రసంగీకుడు అబద్ధం చెప్పాడని నేను అనను. ఆ వచనంలో నిజమైన హెచ్చరిక ఉంది, పాపాన్ని ఏళ్ల తరబడి దాచి పెంచుకుంటూ పోయేవారు చివరికి ఆ స్థితికి చేరగలరు కూడా. అయితే పారిపోయేవాడిని ఆపడానికి వ్రాసిన మాటతో తిరిగి వచ్చేవాడిని కొట్టకూడదు.

మీ ప్రశ్న చాలా పాతది కూడా. క్రీ.శ. 250 ప్రాంతంలో రోమా చక్రవర్తి డేసియస్, ప్రజలంతా దేవతలకు బలి అర్పించి, అర్పించినట్టు పత్రం తీసుకోవాలని శాసించాడు. ప్రాణభయంతో చాలామంది క్రైస్తవులు అర్పించారు, మరికొందరు లంచమిచ్చి అర్పించినట్టు పత్రాలు కొనుక్కున్నారు. హింస తగ్గాక వారంతా ఏడుస్తూ సంఘం తలుపు దగ్గరికి వచ్చినప్పుడు ఏమి చేయాలన్నది పెద్ద వివాదమైంది. రోములో నోవేషియన్ అనే పెద్ద, ఇలాంటివారిని తిరిగి చేర్చుకునే అధికారం సంఘానికి లేదన్నాడు. ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజు సంఘ అధ్యక్షుడు (బిషప్) సిప్రియన్ మొదలైనవారు, ఒక్కొక్కరి సంగతి విచారించి, మారుమనస్సు చూపడానికి తగిన కాలం ఇచ్చి, చేర్చుకోవాలన్నారు. నోవేషియన్ అనుచరులు తమను తాము శుద్ధులు అని పిలుచుకుని విడిపోయారు. 325లో నైసియాలో జరిగిన మహాసభ తన 8వ నియమంలో, ఆ శుద్ధులు తిరిగి సంఘంలోకి రాదలిస్తే, హింసలో జారిపోయి తిరిగి వచ్చినవారితో సహవాసం చేస్తామని వ్రాసి ఇవ్వాలని తీర్మానించింది. క్రీస్తును బయటికి నిరాకరించినవారికే సంఘం తలుపు తెరిచింది, మీకు మూసుకుంటుందా?

ఆ కాలంలోనే మరో పొరపాటు కూడా జరిగింది. బాప్తిస్మం తరువాత పాపం చేస్తే దిక్కులేదన్న భయంతో చాలామంది బాప్తిస్మాన్నే చివరిదాకా వాయిదా వేసుకునేవారు. క్రైస్తవ్యాన్ని అంతగా ఆదరించిన కాన్‌స్టంటైన్ చక్రవర్తి కూడా 337లో మరణశయ్య మీదనే బాప్తిస్మం పొందాడు. కృపను ఒక్కసారి వాడే సబ్బులా చూస్తే మనిషి ఇలాగే ప్రవర్తిస్తాడు. మార్టిన్ లూథర్ 1517లో వెలువరించిన 95 వాదాంశాలలో మొట్టమొదటిదే విశ్వాసుల జీవితమంతా మారుమనస్సుగా ఉండాలని క్రీస్తు కోరాడన్నది. మన దగ్గర గుంటూరు ప్రాంతపు లూథరన్ సంఘాలలోనూ, దక్షిణ ఇండియా సంఘంలోనూ ఆరాధన క్రమంలో పాపాల ఒప్పుకోలు, క్షమాపణ ప్రకటన అందుకే ఉన్నాయి. ఆ ఒప్పుకోలు చెప్పేది బాప్తిస్మం పొందిన జనమే. చిన్నప్పటి నుంచి నోటికి వచ్చినందున దానిలోని అర్థం మనకు తట్టదు. విశ్వాసి పాపం చేయడన్నది నిజమైతే ప్రతి ఆదివారమూ ఆ ప్రార్థన ఎందుకు?

మీరు అడగకపోయినా, రక్షణ ఒకసారి పొందితే పోతుందా పోదా అన్న వాదన మీ చెవిన పడే ఉంటుంది. పోదని కాల్విన్ బోధను అనుసరించే సంస్కరణ సంఘాలు 1618, 1619లో నెదర్లాండ్స్‌లోని డార్ట్ మహాసభలో స్పష్టంగా తీర్మానించాయి. ఘోరంగా పడిపోయినా దేవుడు తనవారిని పూర్తిగా విడిచిపెట్టడన్నది వారి మాట. మనస్సాక్షికి విరోధంగా పాపంలో నిలిచిపోతే విశ్వాసం పోగొట్టుకోగలమని లూథరన్లు, మెథడిస్టులు, పెంతెకొస్తువారిలో ఎక్కువమంది చెబుతారు. నాకు ఒక అభిప్రాయం ఉంది గానీ, మీ ఇంట్లో అగ్గి అంటుకున్నప్పుడు దాని మీద చర్చ పెట్టను. ఎందుకంటే తిరిగి వచ్చేవాడి విషయంలో వీరందరూ ఒకటే చెబుతారు. "నాయొద్దకు వచ్చువానిని నేనెంతమాత్రమును బయటికి త్రోసివేయను" అన్న ప్రభువు మాట దగ్గర ఏ పక్షానికీ అభ్యంతరం లేదు.

ఇప్పుడు ప్రభువును ఎరుగనన్న పేతురును, ఆయనను అప్పగించిన ఇస్కరియోతు యూదాను పక్కపక్కన పెట్టి చూడండి. ఇద్దరూ ఒకే రాత్రి ఒకే ప్రభువుకు ద్రోహం చేశారు, ఇద్దరూ దుఃఖపడ్డారు. మత్తయి 27వ అధ్యాయంలో యూదా పశ్చాత్తాపపడి ఆ ముప్పది వెండి నాణెములను తిరిగి తెచ్చాడని ఉంది. అంటే తప్పు ఒప్పుకున్నాడు, సొమ్ము కూడా తిరిగి ఇచ్చాడు. మన సంఘాలలో చాలామంది ఇంతదూరం కూడా వెళ్లరు. అయితే అతను ఎవరి దగ్గరికి వెళ్లాడు? ప్రధానయాజకుల దగ్గరికి. వారు "దానితో మాకేమి? నీవే చూచుకొనుము" అన్నారు. నీవే చూసుకో అన్న మాటతో మిగిలిపోయినవాడు చేసినదే అతనూ చేశాడు, వెళ్లి ఉరివేసుకున్నాడు. అక్కడ పశ్చాత్తాపం అని అనువదించిన గ్రీకు మాట, మారుమనస్సు అని అనువదించే మాటా ఒకటి కావు. మొదటిది చేసినదానికి బాధపడటం, రెండవది మనసు మళ్లి దేవుని వైపు తిరగడం. మీకు ఇప్పటికి మొదటిది నిండుగా ఉంది.

పేతురు సంగతి వేరుగా నడిచింది, అయితే అతను యూదాకంటే మంచివాడైనందువలన కాదు. అతను పడకముందే ప్రభువు "నీ నమ్మిక తప్పిపోకుండునట్లు నేను నీకొరకు వేడుకొంటిని" అన్నాడు. "నీ మనసు తిరిగిన తరువాత" అని కూడా అన్నాడు, తిరిగితే అనలేదు. పునరుత్థానం తరువాత సమాధి దగ్గరి దూత స్త్రీలతో, వెళ్లి ఆయన శిష్యులతోనూ పేతురుతోనూ చెప్పమన్నాడని మార్కు వ్రాశాడు. శిష్యుడిననిపించుకునే ముఖం అప్పుడు పేతురుకు లేదు గనుక అతని పేరు విడిగా పలకవలసి వచ్చింది. తరువాత సముద్రతీరాన ప్రభువు నిప్పులు రాజేసి, చేపలు కాల్చి భోజనానికి పిలిచాడు. యోహాను అక్కడ వాడిన బొగ్గుల నిప్పు అన్న గ్రీకు మాట కొత్త నిబంధన మొత్తంలో రెండే చోట్ల కనిపిస్తుంది. ఒకటి ఇక్కడ, రెండవది ప్రధానయాజకుని ముంగిట, పేతురు చలి కాచుకుంటూ ప్రభువును ఎరుగనన్న చోట. అంటే ప్రభువు పేతురును అతను పడిన చోటికే తీసుకువెళ్లాడు. జరిగినదాని ఊసు ఎత్తకుండా పోనివ్వలేదు, మూడుసార్లు ఎరుగనన్నవాడిని మూడుసార్లు అడిగాడు, మూడోసారి పేతురు నొచ్చుకున్నాడు కూడా. అయినా ఆ మాటలు నడిచినది భోజనం పెట్టిన తరువాత. నేను ఎన్ని వ్యాఖ్యానాలు చదివినా ఈ వరుస నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

మరి ఇలా అయితే ఇష్టం వచ్చినట్టు పాపం చేయవచ్చు గదా అని ఎవరైనా అడుగుతారు. పౌలును కూడా అడిగారు. రోమీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయం ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది: "కృప విస్తరింపవలెనని పాపమందు నిలిచియుందుమా? అట్లనరాదు." ఈ ప్రశ్న ఎన్నడూ ఎదురుకాని ప్రసంగంలో కృప సరిగ్గా ప్రకటించబడలేదని నేను అనుకుంటాను. పౌలు జవాబు, అలా చేస్తే కృప తీసేస్తారు అని కాదు. పాపం విషయంలో చనిపోయినవారం దానిలో ఎలా జీవిస్తాం అన్నాడు. తీతుకు వ్రాసిన పత్రిక 2వ అధ్యాయంలో కృప మనకు బోధిస్తుందని ఉంది. మూలంలో ఆ మాట పిల్లవాడిని క్రమశిక్షణలో పెట్టి పెంచడానికి వాడేది. కాబట్టి కృప చూసీచూడనట్టు పోయే మేనమామ వంటిది కాదు. పరాయివాడి భార్యతో పాపం చేసి, అతన్ని చంపించిన దావీదు రాజు విషయంలో చూడండి. "నేను పాపముచేసితిని" అన్న మరుక్షణమే నాతాను ప్రవక్త అతని పాపాన్ని యెహోవా పరిహరించాడని చెప్పాడు. అయినా బిడ్డ చనిపోయాడు, ఇంట్లో కత్తి ఆగలేదు. క్షమాపణ వచ్చినా కర్మఫలం వెంటాడిందని దీనిని అర్థం చేసుకోకండి, మన చుట్టూ ఉన్న ఆలోచన వలన చాలామంది విశ్వాసులు కూడా అలాగే చదువుతారు. శిక్షావిధి వేరు, తండ్రి చేతి దండన వేరు. తాను స్వీకరించిన ప్రతి కుమారునీ ప్రభువు దండిస్తాడని హెబ్రీయులకు వ్రాసిన అదే పత్రిక 12వ అధ్యాయం చెబుతోంది. పొరుగింటి పిల్లవాడిని ఎవరూ దండించరు.

అదే దావీదు 51వ కీర్తనలో "నీ రక్షణానందము నాకు మరల పుట్టించుము" అని అడిగాడు. ఆనందం పోయింది, దానిని తిరిగి ఇమ్మన్నాడు. 32వ కీర్తనలో మౌనంగా ఉన్నన్నాళ్లూ తన ఎముకలు క్షీణించాయన్నాడు. ఆ మౌనమే ఇప్పుడు మీ వ్యాధి. పాపం దేవునికి చెప్పకపోవడం కాదు, ఆయనకు వందసార్లు చెప్పి ఉంటారు. చెప్పవలసిన మనిషికి చెప్పలేదు.

అందువలన మీరు చేయవలసినవాటికి వస్తున్నాను. మీ భార్యకు చెప్పండి. అంతా ఒకేసారి, పూర్తి మొత్తం చెప్పండి. సగం చెప్పి మిగతా సగం తరువాత బయటపడితే రెండవ దెబ్బ మొదటిదానికంటే లోతుగా తగులుతుంది. దేవుడు నన్ను క్షమించాడు కాబట్టి నువ్వూ క్షమించాలి అన్న మాట మీ నోట రాకూడదు, అది కృపను ఆయుధంగా వాడటం. సంఖ్యాకాండము 5వ అధ్యాయంలో ఒకరికి నష్టం చేసినవాడు తన పాపం ఒప్పుకుని, తీసుకున్నదానికి అయిదవ వంతు కలిపి తిరిగి ఇవ్వాలని ధర్మశాస్త్రం చెప్పింది. సువార్తలోని సుంకరి జక్కయ్య నాలుగంతలు ఇస్తానన్నాడు. పాపక్షమాపణకు అది వెల కాదు, క్షమాపణ పొందినవాడి చేతులు ఎలా పనిచేస్తాయో చూపే గుర్తు. నెలకు ఎంత తిరిగి కూడబెట్టగలరో కాగితం మీద వ్రాసి ఆమె చేతికి ఇవ్వండి. బ్యాంకు ఖాతా, ఫోను పాస్‌వర్డ్ ఆమె చూడగలిగేలా ఉంచండి. పందెం యాప్‌లను తీసివేయడంతోపాటు, ఆ అలవాటుకు చికిత్స చేసే వైద్యుడిని కలవండి. డాక్టరు దగ్గరికి వెళితే విశ్వాసం తక్కువైనట్టు అనుకోవద్దు, మధుమేహానికి మందు వేసుకుంటూనే మనం ప్రార్థన చేస్తున్నాం. చనిపోవాలన్న ఆలోచన ఎప్పుడు వచ్చినా, ఆ గంటలోనే దగ్గరివారికి చెప్పండి, లేదా టెలీ మానస్ వారి 14416 నంబరుకు ఫోను చేయండి. యూదా కథను ఊరికే చెప్పలేదు.

మీ సంఘంలో నమ్మదగిన ఒక పెద్దకు కూడా చెప్పండి. గలతీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయం మొదటి వచనంలో, తప్పితంలో చిక్కుకున్నవాడిని సాత్వికమైన మనస్సుతో మంచి దారికి తీసుకురావాలని ఉంది. అక్కడ వాడిన గ్రీకు క్రియనే మత్తయి 4వ అధ్యాయంలో యాకోబు, యోహాను వలలు బాగుచేసుకోవడానికి కూడా వాడారు. చినిగిన వలను జాలరి పారేయడు, ఒడిలో వేసుకుని కన్ను తరువాత కన్ను కుడతాడు. అది తొందరలో జరిగే పని కాదు, వల తనంతట తాను చేసుకునేదీ కాదు. ఆ పెద్ద మిమ్మల్ని సంఘంలో కొంతకాలం పరిచర్య ఆపమంటే ఆపండి, సాక్ష్యాలు చెప్పడం కూడా కొన్నాళ్లు మానండి.

బల్ల విషయం చివరికి ఉంచాను, ఎందుకంటే ఇక్కడ నేనే ఒక తప్పు చేశాను. సేవ మొదలుపెట్టిన రోజుల్లో తాగుడులో మళ్ళీ పడిన ఒక సహోదరుడిని ఆరు నెలలు రొట్టె ముట్టవద్దని కట్టడి చేశాను. ఆ ఆరు నెలల్లో నేను అతని ఇంటికి రెండుసార్లకు మించి వెళ్లలేదు. అతను మందిరానికి రావడమే మానేశాడు, మళ్ళీ రాలేదు. సంఘ క్రమశిక్షణ అవసరం లేదని కాదు. కొరింథులో ఘోరమైన పాపం చేసినవాడిని వెలివేయమన్న పౌలే, శిక్షకు లోనైనవాడు అధిక దుఃఖంలో మునిగిపోకుండా క్షమించి ఆదరించమని రెండవ పత్రికలో వ్రాశాడు. నేను మొదటి సగమే చేశాను.

మిమ్మల్నైతే ఎవరూ ఆపలేదు, మీకు మీరే ఆపుకున్నారు. మొదటి కొరింథీయులకు 11వ అధ్యాయంలోని అయోగ్యముగా అన్న మాట మిమ్మల్ని ఆపింది కాబోలు. అది తినేవాడి యోగ్యతను గురించిన మాట కాదు, తినే తీరును గురించినది. కొరింథులో కలవారు ముందే కూర్చుని తిని మత్తులో ఉంటే, లేనివారు ఆకలితో చూస్తుండేవారు. ఆ తీరును పౌలు తప్పుపట్టాడు. 28వ వచనం నిదానంగా చదవండి: "ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను, ఆలాగుచేసి ఆ రొట్టెను తిని, ఆ పాత్రలోనిది త్రాగవలెను." పరీక్షించుకుని మానివేయవలెను అని అక్కడ లేదు. యోగ్యులైనవారికి మాత్రమే ఆ బల్ల అయితే, దానిని వడ్డించే నేను ఇన్నేళ్లలో ఒక్కసారీ దానిని ముట్టి ఉండకూడదు.

వచ్చే సంస్కారపు ఆదివారానికి ముందే ఇంట్లో ఆ మాట చెప్పేయండి. చెప్పిన తరువాత బల్ల దగ్గరికి వెళ్లండి. ఆ రోజు మీ భార్య మీ పక్కన కూర్చోకపోవచ్చు, అసలు మందిరానికే రాకపోవచ్చు. ఆమెను తొందరపెట్టకండి. ఆమె కోసం ప్రార్థించమని ఆ పెద్దను అడిగి, ఇంటికి వచ్చి, ఆ నెల కట్టవలసినది కట్టండి.